రోబోకు ఇంటర్నెట్ అక్కర్లేదు, తాళం మాత్రం కావాలి



సెలవులకు పిల్లలు రోబో కిట్ ఇంటికి తెస్తామన్నప్పుడు కొండ ఊళ్లలోని తల్లిదండ్రులకు వచ్చే మొదటి సందేహం ఒకటే: "మా దగ్గర నెట్ సరిగా రాదు కదా, ఇది పనిచేస్తుందా?" అరకు లోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు ఒక్క మలుపు తిరిగితే చాలు, ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమవుతాయి. కాబట్టి ఆ సందేహం న్యాయమైనదే. జవాబు మాత్రం సంతోషం కలిగించేది. పనిచేస్తుంది, ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది.

అంతగా ఎవరికీ తట్టని ప్రశ్న ఇంకొకటి ఉంది: "ఈ రోబోలోకి మా అమ్మాయి కాక ఇంకెవరైనా రాగలరా?" చక్రాలు, కెమెరా ఉన్న ఒక కంప్యూటర్ మన ఇంట్లో తిరుగుతుంటే అడగవలసిన అసలు ప్రశ్న ఇదే. ఈ రెండు ప్రశ్నలకూ జవాబే ఈ నెల పాఠం. కంప్యూటర్ తెలియని వారు కూడా పిల్లల పక్కన కూర్చుని చేయించగలిగేలా రాశాం. కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. అవి పిల్లల ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉంటాయి. ఇక్కడ ఏ కమాండ్ ఏం చేస్తుందో, ఎందుకో చెబుతున్నాం.

దూరం నుంచి అంటే ఎంత దూరం?

రోబో లోపల ఉండేది ఏటీఎం కార్డంత కంప్యూటర్. పిల్లల కిట్లలో ఎక్కువగా కనిపించేది రాస్ప్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రామింగ్ చౌకగా నేర్పాలన్న ఉద్దేశంతో బ్రిటన్‌లో రూపొందించిన ఈ బోర్డు 2012 ఫిబ్రవరి 29న మొదటిసారి అమ్మకానికి వచ్చింది. దీనికి సొంత తెర లేదు, కీబోర్డు లేదు. బల్ల మీద ఉన్నంతసేపు టీవీకి కేబుల్‌తో కలపవచ్చు. చక్రాలు తిరగడం మొదలయ్యాక కేబుల్‌ను ఈడ్చుకుంటూ పోలేదు కదా! అందుకే ల్యాప్‌టాప్ నుంచి వైఫై ద్వారా దానితో మాట్లాడతాం. దీనినే రిమోట్ యాక్సెస్ అంటారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అనేది మన ఊరి వీధి లాంటిది, ఇంటర్నెట్ ఘాట్ రోడ్డు లాంటిది. వానలకు కొండచరియ విరిగిపడి ఘాట్ రోడ్డు మూసేసినా పక్కింటికి వెళ్లడానికి మనకు అడ్డేమీ ఉండదు. అలాగే ల్యాప్‌టాప్, రోబో రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు. ఆ వైఫైకి బయటి ప్రపంచంతో సంబంధం ఉన్నా లేకున్నా అవి మాట్లాడుకుంటాయి.

అవి మాట్లాడుకునే పద్ధతి పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఇది 1995లో ఫిన్లాండ్‌లో పుట్టింది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో దొంగచాటుగా పాస్‌వర్డ్‌లు పోగుచేశారు. అక్కడ పనిచేస్తున్న తాతు యులోనెన్ ఆ తర్వాత దీనిని రాశారు. అంతకు ముందు వాడుకలో ఉన్న టెల్నెట్‌లో మనం టైప్ చేసిన పాస్‌వర్డ్ పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా వెళ్లేది. ఎస్‌ఎస్‌హెచ్‌లో అది సీలు వేసిన కవరులో వెళుతుంది. మధ్యలో ఎవరైనా పట్టుకున్నా చదవలేరు.

మెట్టు 1: తాళం, తాళంచెవి

ముందుగా ల్యాప్‌టాప్‌లో ఒక జత "కీ"లు తయారు చేయాలి. ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ అనే కమాండ్ ఇస్తే రెండు ఫైళ్లు వస్తాయి. పేరు చివర "పబ్" అని ఉన్నది పబ్లిక్ కీ. దీనిని తాళం అనుకోండి. రెండోది ప్రైవేట్ కీ, అంటే తాళంచెవి. తాళాన్ని రోబోకు వేస్తాం. తాళంచెవి ల్యాప్‌టాప్ దాటి బయటికి రాకూడదు. వాట్సాప్‌లో పంపకూడదు, స్నేహితుల పెన్‌డ్రైవ్‌లో వేయకూడదు. కీ తయారయ్యేటప్పుడు అడిగే రహస్య వాక్యం కూడా పెట్టించండి. ల్యాప్‌టాప్ పోయినా తాళంచెవి వెంటనే ఇతరుల చేతికి పనికిరాకుండా అది కాపాడుతుంది.

విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లలో ఈ సదుపాయం సాధారణంగా ముందే ఉంటుంది. వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

మెట్టు 2: మెమరీ కార్డులో ఓఎస్ ఎక్కించడం

దీనికి నెట్ కావాలి, కొన్ని వందల ఎంబీలు డౌన్‌లోడ్ అవుతుంది. ఊరికి బయలుదేరే ముందే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బోర్డు మోడల్, ఓఎస్, మెమరీ కార్డు ఎంచుకోవాలి. రోబోకు తెర ఉండదు కాబట్టి "లైట్" ఓఎస్ సరిపోతుంది. కార్డులో పాత ఫొటోలు ఉంటే ముందే కాపీ చేసుకోండి, ఈ పనితో అవన్నీ చెరిగిపోతాయి.

కార్డు రాసే ముందు ఇమేజర్ కొన్ని వివరాలు అడుగుతుంది. తొందరలో వీటిని దాటేస్తే రోబోలోకి వెళ్లే దారే ఉండదు.

రోబో పేరు: ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఇవ్వాలి. చాపరాయి, గాలికొండ, లేదా మీ ఇంటి మాటల్లోంచి ఏదైనా పేరు పెట్టుకోవచ్చు.

యూజర్ పేరు, పాస్‌వర్డ్: పిల్లలే ఎంచుకోవాలి. పుట్టినరోజు, ఫోన్ నంబరు, బడి పేరు వద్దు.

వైఫై: ఇంట్లో వాడబోయే ఫోన్ హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ అక్షరం తప్పకుండా ఇవ్వాలి. దేశం దగ్గర ఇండియా ఎంచుకోవాలి. అది ఖాళీగా ఉంటే వైఫై ఆన్ కాకపోవచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్: ఆన్ చేసి, "పబ్లిక్ కీతో మాత్రమే" అన్నది ఎంచుకుని, మెట్టు 1లో వచ్చిన పబ్లిక్ కీని అక్కడ అతికించాలి. ఇక పాస్‌వర్డ్ ఊహించి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి రావడం కుదరదు.

మెట్టు 3: మొదటి పలకరింపు

ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌ను దానికి కలపండి. కార్డును రోబోలో పెట్టి పవర్ ఇవ్వండి. మొదటిసారి సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పనిచేయడం లేదని వెంటనే పవర్ తీసేయకండి.

తర్వాత ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని టైప్ చేయాలి. ఒక ఖాళీ వదిలి, యూజర్ పేరు, ఎట్ గుర్తు, రోబో పేరు, చుక్క, లోకల్ అని వరుసగా కొట్టాలి. "ఈ రోబోను ఇంతకు ముందు చూడలేదు, నమ్మమంటారా?" అన్న అర్థంతో ఇంగ్లిష్‌లో ఒక ప్రశ్న వస్తుంది. మొదటిసారి అలా అడగడం మామూలే. అవునని టైప్ చేస్తే రోబో గుర్తింపును ల్యాప్‌టాప్ దాచుకుంటుంది. తర్వాత కీ రహస్య వాక్యం అడుగుతుంది. అది టైప్ చేసేటప్పుడు తెర మీద చుక్కలు కూడా పడవు. పిల్లలు కీబోర్డు చెడిపోయిందని కంగారు పడేది ఇక్కడే. టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు.

రోబో పేరుతో కొత్త వరుస కనిపించిందంటే మీరు లోపలికి వచ్చినట్టే. ఇక ఇక్కడ కొట్టే ప్రతి కమాండ్ ల్యాప్‌టాప్‌లో కాదు, రోబోలో నడుస్తుంది.

మెట్టు 4: ఆపేటప్పుడు

బండి స్విచ్ నేరుగా కట్టేయకూడదు. ముందు పవర్ఆఫ్ కమాండ్ ఇచ్చి, బోర్డు మీది ఆకుపచ్చ లైటు మినుకుమినుకులు ఆగాక అప్పుడు స్విచ్ తీయాలి. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడై, రోబో మళ్లీ లేవకపోవచ్చు. వాన, గాలి వస్తే కరెంటు పోయే ఊళ్లలో ప్రయోగాలకు గోడ ప్లగ్ కంటే బ్యాటరీయే నయం. పిల్లలు రాసిన ప్రోగ్రాములను వారానికోసారైనా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయించండి.

హాట్‌స్పాట్ కూడా లేకపోతే?

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మొబైల్ డేటా కట్టేసినా హాట్‌స్పాట్ పనిచేస్తుంది, కాబట్టి సిగ్నల్ లేని ఊళ్లో కూడా పై పద్ధతి నడుస్తుంది. పైసా డేటా ఖర్చు కాదు. ఒక్క జాగ్రత్త. పై జీరో 2 డబ్ల్యూ, పై 3బీ లాంటి బోర్డులకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే రోబోకు అది కనిపించదు. హాట్‌స్పాట్ సెట్టింగ్‌లలో బ్యాండ్ మార్చాలి.

ఫోన్ కూడా అక్కర్లేని దారి ఇంకొకటి ఉంది. రోబోయే తన వైఫైని తాను వెదజల్లగలదు. 2023 అక్టోబరు తర్వాత వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లలో నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటుంది, ఒక్క కమాండ్‌తో రోబో హాట్‌స్పాట్‌గా మారుతుంది. ఆ క్షణంలో పాత లింకు తెగిపోతుంది, భయపడవద్దు. ల్యాప్‌టాప్ వైఫై జాబితాలో రోబో పెట్టిన కొత్త పేరు ఎంచుకుని మళ్లీ ఎస్‌ఎస్‌హెచ్ చేయాలి. అప్పుడు రోబో చిరునామా మామూలుగా 10.42.0.1 అవుతుంది. కాఫీ గింజలు ఆరబోసిన కళ్లంలోనైనా, ఏ టవరూ అందని గూడెంలోనైనా ఇది పనిచేస్తుంది.

నెట్ లేనప్పుడు రోబో గడియారం తప్పు చూపిస్తుంది. చాలా పై బోర్డులలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు, అవి సమయాన్ని ఇంటర్నెట్ నుంచే తెలుసుకుంటాయి. అందుకే రోబో తీసిన ఫొటోల మీద తేదీ పాతదిగా పడితే ఆశ్చర్యపోకండి. ప్రాజెక్టు నోట్‌బుక్‌లో తేదీ, సమయం చేత్తో రాయించండి.

లింకు తెగితే రోబో ఆగాలి

దూరం నుంచి నడిపే ఏ యంత్రానికైనా ఇది ప్రాణం లాంటి నియమం. పిల్లవాడు "ముందుకు" అన్న ఆజ్ఞ పంపాడు. బండి కదిలింది. సరిగ్గా అప్పుడే వైఫై అందని మూలకు వెళ్లింది. ఇప్పుడు "ఆగు" అని ఎన్నిసార్లు నొక్కినా ఆ మాట రోబోకు చేరదు. లింకు తెగిందని మోటారుకు తెలియదు, దానికి చివరిగా అందిన మాట "ముందుకు". సెకనుకు 30 సెంటీమీటర్లు నడిచే బండి 5 సెకన్లలో మీటరున్నర పోతుంది. అరుగు అంచు, పొయ్యి, పాకుతున్న చంటిబిడ్డ ఆ మీటరున్నరలోనే ఉండవచ్చు.

పరిష్కారం తేలికే. ల్యాప్‌టాప్ సెకనుకు నాలుగైదుసార్లు "నేనున్నాను" అనే చిన్న సందేశం పంపుతూ ఉండాలి. అర సెకను పాటు ఆ సందేశం రాకపోతే రోబో తనంతట తానే మోటార్లు ఆపేయాలి. అంటే ఆగాలన్న నిర్ణయం ల్యాప్‌టాప్‌లో కాదు, రోబోలో ఉండాలి.

దీనిని మీరే పరీక్షించవచ్చు. చక్రాలు నేలకు తగలకుండా బండిని ఇటుక మీద పెట్టండి. "ముందుకు" నొక్కించండి. చక్రాలు తిరుగుతుండగా హాట్‌స్పాట్ కట్టేయండి. ఒక సెకనులోపు చక్రాలు ఆగితే బండిని నేల మీదికి దింపవచ్చు. ఆగకపోతే ప్రోగ్రాము సరిచేసేదాకా దింపవద్దు.

చంద్రయాన్-3లో మన ప్రజ్ఞాన్ రోవర్ కూడా ఇలాంటి జాగ్రత్తతోనే నడిచింది. చంద్రుడి దగ్గరికి రేడియో సంకేతం చేరడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. ప్రజ్ఞాన్ నడక సెకనుకు ఒక సెంటీమీటరే. 2023 ఆగస్టు 27న అది తనకు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పున్న గుంతను చూసింది. ఇస్రో దానిని వెనక్కి మళ్లించి కొత్త దారి పట్టించింది. ఆజ్ఞ చేరడం ఆలస్యమయ్యే చోట యంత్రం నెమ్మదిగా నడవాలి. ఈ సూత్రం మన వరండాకూ వర్తిస్తుంది.

తాళం ఎందుకింత ముఖ్యం?

ఒకప్పుడు ప్రతి రాస్ప్‌బెర్రీ పైకీ ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉండేవి. ఊళ్లో అన్ని ఇళ్లకూ ఒకే తాళంచెవి ఉన్నట్టన్నమాట. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రౌటర్లలో దూరింది. వాటన్నిటినీ కలిపి ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద దాడి చేశారు. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో కొన్ని గంటలు చాలామందికి అందలేదు. 2017లో బయటపడిన ఇంకో వైరస్ ప్రత్యేకంగా రాస్ప్‌బెర్రీ పైలనే వెతికింది. పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చి, వాటి చేత రహస్యంగా క్రిప్టో కరెన్సీ లెక్కలు చేయించింది.

తయారీదారులు పాఠం నేర్చుకున్నారు. 2016 నవంబరు నుంచి ఎస్‌ఎస్‌హెచ్ మనం ఆన్ చేస్తేనే ఆన్ అవుతుంది. 2022 ఏప్రిల్‌లో ఆ అందరికీ తెలిసిన యూజర్‌నే తీసేశారు. అయినా పాత కార్డులు, సీనియర్ల దగ్గర తీసుకున్న కార్డులు పిల్లల చేతికి వస్తూనే ఉంటాయి. అలాంటి కార్డును ఎప్పుడూ మళ్లీ కొత్తగా రాశాకే వాడాలి.

పిల్లలకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. స్నేహితుడి రోబోలోకి అతని అనుమతి లేకుండా వెళ్లడం సరదా కాదు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద ఇతరుల కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడటం నేరం. దీనికి 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నేర్చుకోవడానికి సొంత రోబో ఉంది, ల్యాబ్ ఉంది.

హాస్టల్ నుంచి ఇంటి రోబోను నడపవచ్చా?

విశాఖ హాస్టల్‌లో ఉండే పిల్లలకు ఈ కోరిక కలగడం సహజం. ఇంటర్నెట్‌లో వెతికితే "రౌటర్‌లో పోర్టు తెరవండి" అన్న సలహా కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. అది వీధి తలుపు బార్లా తీసి నిద్రపోవడమే. పైగా మన మొబైల్ సిమ్‌లకు ఆ పద్ధతి చాలాసార్లు పనిచేయదు. ఒక హాస్టల్‌కంతటికీ ఒకే ల్యాండ్‌లైన్ ఉన్నట్టు, మొబైల్ కంపెనీ వందలాది ఫోన్లకు కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తుంది. బయటి నుంచి నేరుగా మీ ఫోన్‌నే పిలవడం కుదరదు.

తప్పదనుకుంటే 2024 మేలో మొదలైన రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్ లాంటి సేవ వాడాలి. అందులో రోబో, ల్యాప్‌టాప్ రెండూ తామే బయటికి వచ్చి కలుసుకుంటాయి, ఇంటి తలుపు తెరవనక్కర్లేదు. ఆ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరిగా పెట్టించండి.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్లేది అక్షరాలే కాబట్టి ఖర్చు చాలా తక్కువ. కెమెరా వీడియో అలా కాదు. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వీడియో వస్తే గంటకు సుమారు 450 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మూడున్నర గంటలు కూడా రాదు.

అన్నిటికంటే ముఖ్యం ఇంట్లోవారి అంగీకారం. కెమెరా చూసేది అమ్మమ్మ గదిని, పక్కింటి పిల్లలను కూడా. ఇంట్లో పెద్దవారు చేత్తో స్విచ్ వేస్తేనే రోబో మేలుకోవాలి. పని కాగానే వారే కట్టేయాలి. వాడనప్పుడు కెమెరాకు మూత పెట్టాలి.

పనిచేయకపోతే ఇలా చూడండి

రోబో పేరు దొరకలేదని వస్తే: రెండూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో చూడండి. ఫోన్ హాట్‌స్పాట్ పేజీలో కలిసిన పరికరాల జాబితాలో రోబో అంకెల చిరునామా కనిపిస్తే, పేరుకు బదులు ఆ అంకెలు వాడండి.

అనుమతి లేదని వస్తే: యూజర్ పేరు తప్పు కొట్టి ఉంటారు, లేదా తాళంచెవి వేరే ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది.

రోబో గుర్తింపు మారిందని పెద్ద హెచ్చరిక వస్తే: కార్డును మీరే కొత్తగా రాసి ఉంటే అది మామూలే, పాత గుర్తింపు తీసేసి కొనసాగవచ్చు. మీరేమీ మార్చకుండానే వస్తే అక్కడే ఆగి ఉపాధ్యాయులను అడగండి.

మోటారు తిరగగానే లింకు తెగితే: తప్పు వైఫైది కాకపోవచ్చు. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగి బోర్డుకు వోల్టేజీ తగ్గిస్తోంది, బోర్డు ఆగి మళ్లీ మొదలవుతోంది. మోటార్లకు వేరే బ్యాటరీ పెట్టాలి. పై 4కు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇవ్వగల పవర్ కావాలి.

ఇంట్లో కూర్చుని మాట్లాడండి

ఒక సాయంత్రం పిల్లల చేతే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పించుకోండి.

1. నెట్ లేకపోయినా ల్యాప్‌టాప్ రోబోతో ఎలా మాట్లాడుతోంది?
2. తాళం ఎక్కడుంది, తాళంచెవి ఎక్కడుంది?
3. వైఫై పోతే బండి ఎంతసేపట్లో ఆగుతుంది? ఇటుక మీద పెట్టి చూపించు.
4. ఈ కెమెరాకు ఇంట్లో ఏ గదిలోకి రావడానికి అనుమతి లేదు?

నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మీరు. మిగిలిన మూడింటికీ పిల్లలు తడుముకోకుండా చెప్పగలిగితే వారి చేతికి రోబో ఇచ్చి నిశ్చింతగా ఉండవచ్చు. తడబడితే కిట్‌ను ల్యాబ్‌కు పంపండి. సెలవులకు ముందే పిల్లలతో కూర్చుని సరిచేయిస్తాం.